చెవిలో టిక్ టిక్... ఎక్కడిదీ చప్పుడు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41 ఏళ్లు. స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. సంక్రాంతి సెలవుల్లో పట్టిన జలుబు తగ్గింది కానీ, అప్పటి నుంచి కుడిచెవిలో ఉండుండి టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. పగలు పిల్లల గోలలో తెలియదు. రాత్రి పడుకున్నాక మాత్రం మింగినప్పుడల్లా వినిపిస్తుంది. ఒక్కోసారి ఊరికే ఉన్నా వరసగా వస్తుంది. ఒకరోజు మావారు నా చెవి దగ్గర చెవి పెట్టి, తనకూ వినిపించిందన్నారు. ఇక్కడి డాక్టరు గారు చూసి చెవి శుభ్రంగానే ఉంది, ఏమీ లేదన్నారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయమని మా అత్తగారు అంటున్నారు. ఇది మెదడుకు సంబంధించిన జబ్బా? వినికిడి పోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు నూనె సంగతి. దయచేసి పోయకండి. మీరు చెప్పేలాంటి చప్పుడు పుట్టేది సాధారణంగా కర్ణభేరికి అవతల కాబట్టి నూనె అక్కడిదాకా చేరదు. వేడి సరిగా చూసుకోకపోతే చెవి లోపలి చర్మం కాలడం మాత్రం ఖాయం.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట, మీవారికీ ఆ చప్పుడు వినిపించిందన్నది. చెవిలో ఝుమ్మనో కుయ్యిమనో వచ్చే మోత చాలావరకు రోగికి ఒక్కరికే వినిపిస్తుంది, ఎందుకంటే అక్కడ నిజంగా శబ్దమేదీ ఉండదు, వినికిడి వ్యవస్థే దాన్ని కల్పించుకుంటుంది. టిక్ టిక్‌మనే చప్పుడు అలాంటిది కాదు. చాలామందిలో ఒక నాళమో, కండరమో, కీలో కదిలినప్పుడు నిజంగా పుట్టే శబ్దమది. అందుకే చప్పుడు ఎలా ఉందన్నదాని కంటే, అది దేనితో పాటు వస్తోందన్నది మాకు ఎక్కువ చెబుతుంది.

జలుబు తర్వాత మొదలై, మింగినప్పుడు వస్తోందంటే ముందుగా అనుమానించవలసింది యూస్టేషియన్ నాళాన్ని. మధ్యచెవి నుంచి ముక్కు వెనక భాగానికి వెళ్లే ఈ నాళం పెద్దవాళ్లలో సుమారు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మామూలుగా మూసుకుని ఉండి, మింగినప్పుడూ ఆవులించినప్పుడూ క్షణకాలం తెరుచుకుని, కర్ణభేరికి రెండు వైపులా గాలి ఒత్తిడిని సమానం చేస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు దిబ్బడేసి, గుటక వేయగానే టప్పున వదిలేది దీనివల్లే. జలుబు పైకి తగ్గినా, నాళం లోపలి పొర వాపు కొన్ని వారాలు నిలిచిపోవచ్చు. అప్పుడు జిగురుతో అంటుకున్న గోడలు విడిపడిన ప్రతిసారీ టిక్కుమంటుంది. దీనికి ఉప్పునీటితో ముక్కు శుభ్రం చేసుకోవడం, అలర్జీ ఉంటే డాక్టరు సలహాతో ముక్కులో స్ప్రే వాడడం చాలావరకు సరిపోతాయి. స్ప్రే రెండు రోజుల్లో పని చేయలేదని మానేయకండి, దాని గుణం కనబడడానికి వారాలు పడుతుంది.

అయితే ఊరికే ఉన్నా వరసగా వస్తోందని కూడా రాశారు. అది నాళం ఒక్కదానితో తేలే సంగతి కాదు. కొండనాలుకకు పైనుండే మెత్తని అంగిలిలోని కండరాలు కొందరిలో వాటంతటవే లయగా అదురుతాయి. నాళాన్ని తెరిచే కండరం అక్కడిదే కనుక, అది అదిరినప్పుడల్లా నాళం తెరుచుకుని, తరచు సెకనుకు ఒకటి నుంచి మూడు సార్లు టిక్కుమంటుంది, పక్కవాళ్లకూ వినిపించవచ్చు. చప్పుడు వస్తున్నప్పుడు అద్దం ముందు నిలబడి, నోరు సగం మాత్రమే తెరిచి, టార్చి వేసి అంగిలిని చూసుకోండి. నోరు బాగా తెరిస్తే ఆ అదురు ఆగిపోవచ్చు. నోరు పెద్దగా తెరవమని చూసిన డాక్టరుకు ఏమీ కనిపించకపోవడానికి ఇదొక కారణం, అందుకే మేము ముక్కులోంచి సన్నని ఎండోస్కోపు పంపి పై నుంచి చూస్తాం.

మెదడు గురించి మీ భయానికి జవాబు ఇక్కడే ఉంది. అంగిలి అదురులో రెండు రకాలు. మెదడు కాండంలోనో చిన్నమెదడులోనో దెబ్బ వల్ల వచ్చే రకంలో నడక తూలడం, మాట ముద్దగా రావడం, కనుగుడ్లు అదరడం వంటివి సాధారణంగా తోడుంటాయి. చెవిలో చప్పుడు మాత్రం అరుదు. స్కానింగులో ఏ లోపమూ కనిపించని రెండో రకంలోనే చప్పుడు ప్రధాన బాధ. అంటే, విచిత్రమే అయినా, ఎక్కువ చప్పుడు చేసేది తక్కువ ప్రమాదమైనది.

మధ్యచెవిలోనూ రెండు బుల్లి కండరాలున్నాయి. వాటిలో స్టెపీడియస్ అనేది శరీరంలోని అస్థి కండరాలన్నిటిలో చిన్నది, సుమారు 6 మిల్లీమీటర్లు. స్టీలు పళ్లెం కింద పడ్డప్పుడో, కళ్లు గట్టిగా మూసుకున్నప్పుడో చెవిలో టపటపమంటే వీటి మీద అనుమానం. దవడ కీలు సంగతి మీరే చూసుకోవచ్చు: చెవి ముందు వేలు ఆనించి నోరు నెమ్మదిగా తెరిచి మూయండి, వేలి కింద టక్కుమని తగిలితే చప్పుడు కీలుదే. నిద్రలో పళ్లు కొరికేవాళ్లలోనూ, అస్తమానం వక్క నమిలేవాళ్లలోనూ ఇది ఎక్కువగా చూస్తాను.

తలవెంట్రుక రాలి కర్ణభేరిని తాకినా, గుబిలి కదిలినా చప్పుడవుతుంది కానీ, మీ చెవి శుభ్రంగా ఉందన్నారు కనుక అది వదిలేద్దాం. పాత టైపురైటరు కొట్టినట్టు ఆగి ఆగి వచ్చే చప్పుడు ఒకటుంది. వినికిడి నరాన్ని రక్తనాళం ఒత్తడం వల్ల వస్తుందని భావిస్తారు, కార్బమజెపిన్ మాత్రతో తరచు తగ్గుతుంది. అది పక్కవాళ్లకు వినిపించదు కాబట్టి మీది అది కాకపోవచ్చు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. చప్పుడు నాడితో కలిసి నడుస్తుంటే దారి వేరు: రక్తహీనత, బీపీ, థైరాయిడ్ పరీక్షలతో పాటు రక్తనాళాల స్కానింగు కూడా అవసరం కావచ్చు.

ఒక వారం పాటు చప్పుడు ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నవి రాసి పెట్టుకుని, వీలైతే మీవారి చేత ఫోనులో రికార్డు చేయించి, ఇ.ఎన్.టి. నిపుణులకు చూపండి. టింపనోమెట్రీ (చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష) చేస్తూండగా చప్పుడు వస్తే, కర్ణభేరి కదలిక గ్రాఫులో అప్పుడే కనబడవచ్చు. అంగిలి అదురైతే, తగ్గనివాళ్లకు ఆ కండరాన్ని సడలించే బోటాక్స్ ఇంజెక్షను ఉంది. గుణం కొన్ని నెలలే ఉంటుంది, కొందరికి కొద్దిరోజులు మాట ముక్కుతో వస్తుంది. మధ్యచెవి కండరాల స్నాయువులను కత్తిరించే ఆపరేషను చివరి మాట. ఈలోగా రాత్రి గదిలో ఫ్యాను చప్పుడో, సన్నగా రేడియోనో ఉండనివ్వండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, కళ్లు తిరిగినా, మూతి వంకరపోయినా మాత్రం వారం ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక వినికిడి. మీరు రాసిన రకం చప్పుడు దానంతటది వినికిడిని పోగొట్టదు. అయినా ఈసారి వెళ్లినప్పుడు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకుని రిపోర్టు దాచుకోండి. ముందు ముందు ఏదైనా తేడా అనిపిస్తే పోల్చి చూసుకోవడానికి అది అవసరమవుతుంది.