మిషన్ కొనే ముందు మనిషిని పంపు

తల్లీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఆ కంపెనీ వాళ్ల కొత్త మోడల్ కోసం ఒక మిషన్, నాలుగు డైలు (పార్టులు పోసే స్టీల్ అచ్చులు) కొనమంటున్నారు, కొంటే ఆర్డర్ మనదే అంటున్నారు, ఏం చెయ్యను పెదనాన్నా అని అడిగావు. కొనొద్దని నేను అనను. కానీ వాళ్ల డ్రాయింగ్ ఫైనల్ అయిందో లేదో నువ్వు రాయలేదు, నాకు ముందు కావల్సింది అదే.

డ్రాయింగ్ అయిపోయాక నువ్వు ఎన్ని మిషన్లు, డైలు కొన్నా ఆ ప్రొడక్ట్‌లో నీ ఆలోచనకి చోటుండదు, వాళ్లు గీసింది చేసి ఇవ్వడమే నీ పని. ఆ తర్వాత రేటు తగ్గించమంటే తగ్గించక తప్పదు, ఎందుకంటే ఆ డై ఇంకెవరికీ పనికిరాదని వాళ్ల పర్చేజ్ వాళ్లకి బాగా తెలుసు. ఈ ఇరకాటం మీద పనిచేసిన ఆలివర్ విలియమ్సన్‌కి 2009లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. నాకైతే అది నా షెడ్డులోనే తెలిసింది, ఒక కంపెనీ కోసం కొన్న మిషన్ వాళ్లు మోడల్ మార్చేయగానే ఏడాదిన్నర ఖాళీగా పడి ఉంది.

తర్వాత ఇంకో కస్టమర్ దగ్గర పద్ధతి మార్చాను. మిషన్ మాట ఎత్తకుండా, మా టూల్‌రూమ్‌లో, అంటే డైలు చేసే చోట, అందరికంటే చురుకైన కుర్రాణ్ణి వాళ్ల డిజైన్ వాళ్ల పక్కన ఆరు నెలలు కూర్చోబెట్టాను, జీతం మాదే. అతను లేక ఇక్కడ పని ఎంత ఇబ్బంది పడిందో మీ పెద్దమ్మకి తెలుసు. ఒకరోజు స్క్రీన్ మీద ఒక ప్లాస్టిక్ కవర్ చూసి, లోపలి రిబ్ (బలం కోసం పెట్టే పట్టీ) కవర్ గోడంత మందంగా ఉంది, ఇలా అచ్చు పోస్తే పైన గుంట కనిపిస్తుంది, సగానికి తగ్గించండి అన్నాడు. వాళ్లు అప్పటికప్పుడు మార్చేశారు. అదే స్టీల్ కోశాక బయటపడి ఉంటే డై మళ్లీ విప్పి, వెల్డింగ్ పెట్టి, నెలలు పోయేవి. అక్కడి నుంచి కొత్త పార్టు గీసే ముందు వాళ్లే ఫోన్ చేసి, ఇది మీ దగ్గర వస్తుందా అని అడిగేవాళ్లు. మనం చెయ్యగలిగిన దాన్ని బట్టి వాళ్ల డిజైన్ రూపు మారేది. మన పెట్టుబడి ప్రొడక్ట్‌లోకి వెళ్లడమంటే నా లెక్కలో అదే. టయోటా సప్లయర్లు తమ ఇంజనీర్లని 'గెస్ట్ ఇంజనీర్లు'గా టయోటా డిజైన్ ఆఫీసులో కొన్నేళ్లపాటు ఉంచేదీ ఇందుకే.

మిషన్ దగ్గరికి వస్తే, భారం మొత్తం నువ్వే నెత్తిన పెట్టుకోకు. 2012లో చిప్ తయారీ మిషన్లు చేసే ఏఎస్ఎంఎల్‌లో దాని కస్టమర్లు ఇంటెల్, టీఎస్ఎంసీ, శాంసంగ్ వాటాలు కొని, పరిశోధనకీ డబ్బు పెట్టాయి, అంటే మిషన్ రాకపోతే వాళ్లకీ నష్టమే. యాపిల్ కోసం సఫైర్ అనే గట్టి, పారదర్శక స్ఫటికం తయారు చెయ్యడానికి దిగిన జీటీ అడ్వాన్స్‌డ్ సంగతి వేరు. 2013లో యాపిల్ దానికి ఇస్తానన్న దాదాపు 57.8 కోట్ల డాలర్లు తిరిగి కట్టాల్సిన అడ్వాన్స్. అనుకున్న నాణ్యత రాలేదు, ఐఫోన్ 6 స్క్రీన్ సఫైర్ లేకుండా గ్లాస్‌తోనే వచ్చేసింది, 2014 అక్టోబరులో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అడ్వాన్స్ ఇస్తామంటే సంతోషపడే ముందు, పని కుదరకపోతే ఆ డబ్బు ఎవరి అప్పుగా మిగులుతుందో చూసుకో.

కనుక డైల ఖర్చు వాళ్లని పెట్టుకోమను, డైలు వాళ్ల పేరు మీదే ఉండనీ, ఏం ఫర్లేదు. మిషన్ మాత్రం ఇంకో ఇద్దరు కస్టమర్ల పనికి కూడా వచ్చే సైజు తీసుకో, కాస్త ఖరీదెక్కువైనా సరే. మోడల్ మధ్యలో ఆపేస్తే మిగిలిన ఖర్చు ఎవరిదన్నది కాగితం మీద రాయించు. ఫోన్‌లో చెప్పిన మాట పర్చేజ్ మేనేజర్ మారితే ఎవరికీ గుర్తుండదు.

డ్రాయింగ్ ఇంకా నడుస్తుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకు, మీ టూల్‌రూమ్‌లో ఎవరిని పంపగలవో ఆలోచించు. నువ్వే వెళ్తే ఇంకా మంచిది. రేపు వాళ్లకి ఫోన్ చేసి అది ఏ దశలో ఉందో కనుక్కుని నాకు చెప్పు, డైల కొటేషన్లు కూడా పంపు, చూస్తాను.

పెదనాన్న