మూడు ఊళ్లకు ఒకే పాస్టరా?

ప్రశ్న: మాది పల్నాడులో చిన్న లూథరన్ సంఘం, ఇరవై గడపలు. పక్క రెండు ఊళ్లతో కలిసి ఒక్క పాస్టరుగారిని పెట్టుకుందామంటున్నారు. ఆదివారం ఆరాధన ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది. – ఒక సంఘపెద్ద

జవాబు: పెద్దగారూ, ఇదేం కొత్త కాదండి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారి మిషన్ కూడా పల్లెల్లో ఉపదేశుల (పాస్టరు కాకపోయినా వాక్యం బోధించేవారి) మీదే నడిచింది. పాస్టరు రాని ఆదివారం వాక్యం చదవడం, కీర్తనలు, ప్రార్థన పెద్దలే చూసుకోవచ్చు. ప్రభు భోజనం మాత్రం పాస్టరుగారే ఇవ్వాలి. సంఘం సక్రమంగా పిలిచి నియమించినవారే సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం) జరపాలని మన లూథరన్ల మూల విశ్వాస పత్రం, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 14వ అధికరణం చెబుతోంది. ప్రాణాపాయంలో మాత్రం బాప్తిస్మం విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చు.

అసలు తగువంతా క్రిస్మస్‌కీ, గుడ్‌ఫ్రైడేకీ వస్తుంది. ఏ ఊళ్లో ముందో ఇప్పుడే కాగితం మీద రాసి మూడు ఊళ్ల పెద్దలతో సంతకాలు పెట్టించండి. జీతంలో వాటా, బండి పెట్రోలు కూడా అందులోనే రాయండి. మైకుసెట్టు, షామియానా కలిపి వాడుకోండి. కానుకల పెట్టె మాత్రం, నా మాట విని, ఎవరిది వాళ్లే ఉంచుకోండి. అది కలిపిన చోట నేను చూసిన గొడవలు ఇన్నీ అన్నీ కావు! సంతకాలకు ముందు మీ సినడ్ (ప్రాంతీయ సంఘాల పాలక మండలి) పెద్దల చెవిన ఒక మాట వేయండి.