ఏఐతో చేసిన శాస్త్ర ఆవిష్కరణల ఘనత ఎవరికి దక్కాలి?

ఏఐ సాయంతో ఏదైనా కొత్త విషయం తేలితే ఆ పేరు ఏఐకా, దాన్ని తయారుచేసినవాళ్లకా, వాడిన శాస్త్రవేత్తకా అని అడిగారు. మనుషులకే అన్నది నా జవాబు. ఏ మనుషులకు అన్న దగ్గరే అసలు పేచీ వస్తుంది.

యంత్రం సంగతి త్వరగా తేల్చేయొచ్చు. డాబస్ అనే ఏఐని ఆవిష్కర్తగా గుర్తించి పేటెంట్ ఇవ్వమని దాన్ని తయారుచేసిన స్టీఫెన్ థేలర్ వేసిన కేసులో, ఆవిష్కర్త మనిషే అయి ఉండాలని బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది. నాకూ అదే సబబనిపిస్తుంది. రేపు పేపర్లో తప్పు బయటపడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మనిషే కదా.

నేను ప్రోటీన్ల ఆకారాలు తేల్చే ల్యాబులో పనిచేశాను. ప్రోటీన్‌ను శుద్ధిచేసి, రకరకాల ద్రావణాల్లో చుక్కలుగా పెట్టి, స్ఫటికం కట్టిందేమోనని మైక్రోస్కోపులో వెతుక్కోవాలి. చాలా చుక్కల్లో ఏమీ రాదు. కొన్నిట్లో ఉప్పు స్ఫటికం కట్టి ఊరికే ఆశపెడుతుంది. నిజమైనది దొరికితే చిన్న నైలాన్ ఉచ్చుతో పట్టి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, ఎక్స్-రేలకు పెట్టాలి. ఒక్క ఆకారం కోసం పీహెచ్‌డీ మొత్తం ధారపోసినవాళ్లు నాకు తెలుసు. అలా తేల్చిన ఆకారాలను ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో జమచేస్తారు. 1971లో మొదలైన ఆ బ్యాంకును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ నేర్చుకున్నది ప్రధానంగా అందులో పోగుపడ్డ సుమారు 1,70,000 ఆకారాల నుంచే. 2024 రసాయన నోబెల్‌లో సగం దాన్ని నిర్మించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు వెళ్లింది. వాళ్లు అందుకు అన్నివిధాలా అర్హులు. కానీ ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు. ఆకారాలు జమచేసిన వేలమంది ఊసు ఎక్కడా వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సరిచూసేవాళ్ల సంగతీ అంతే. మా ప్రోటీన్ ఒకదానికి ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన నమూనా దాదాపు అంతా మా ఎక్స్-రే డేటాలో చక్కగా ఇమిడింది, ఒక్క లూప్ (ప్రోటీన్ గొలుసులో వంపు తిరిగే ముక్క) తప్ప. మా జూనియర్ ఆ ముక్కను తీసేసి, ఎక్స్-రే డేటా నుంచి వచ్చే ఎలక్ట్రాన్ సాంద్రత పటంలో ఒక్కో అమైనో ఆమ్లాన్నే పేర్చుకుంటూ వచ్చింది. ప్రతిసారీ, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చూపే రామచంద్రన్ ప్లాట్‌లో కోణాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకునేది. 1963లో జి.ఎన్. రామచంద్రన్ బృందం మద్రాసులో ఇచ్చిన ఆ పటమే ఇప్పటికీ మాకు గీటురాయి. మందు అంటుకునే చోటు సరిగ్గా ఆ లూపే. తీరా పేపర్ రాసేటప్పుడు, కష్టమంతా ప్రోగ్రామే చేసింది కదా అని ఆమె పేరును కృతజ్ఞతల్లోకి నెట్టబోయారు. గట్టిగా వాదిస్తేగానీ రచయితల్లో చేరలేదు.

హాలిసిన్ కథా ఇలాంటిదే. 2020లో ఏఐ కొత్త యాంటీబయాటిక్‌ను కనిపెట్టిందని వార్తలొచ్చాయి. రెండువేలకు పైగా అణువులను ఈ.కోలై బాక్టీరియాపై ముందే ల్యాబులో పరీక్షించి పెట్టబట్టే ఆ మోడల్‌కు నేర్చుకోవడానికి ఏదో ఒకటి ఉంది. అది చూపించిన అణువు ఎలుకల్లో పనిచేస్తుందని తేల్చిందీ మనుషులే.

అందుకని నన్నడిగితే, ఏఐ నమూనా వాడిన ప్రతి పేపర్‌లోనూ దానికి దగ్గరగా ఉన్న ప్రయోగ ఆకారాల ప్రోటీన్ డేటా బ్యాంక్ కోడ్‌లూ, వాటిని తేల్చినవాళ్ల పేపర్లూ ఉదహరించాలి. ఏఐ జవాబును ల్యాబులో సరిచూసినవాళ్లను రచయితలుగా చేర్చి, ఎవరు ఏ పని చేశారో పేపర్‌లోనే రాయాలి. ఇందుకు ఏ నోబెల్ కమిటీ అనుమతీ అక్కర్లేదు, పేపర్ రాసేవాళ్లు తలచుకుంటే చాలు.