ఏబీవీడీ కీమో మధ్యలో పొడి దగ్గు వస్తే తేలిగ్గా తీసుకోవచ్చా?

కావలి నుంచి ఒకరు అడిగారు: మా తమ్ముడికి హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), ఏబీవీడీ నాలుగో సైకిల్ నడుస్తోంది. వారం నుంచి పొడి దగ్గు, రొయ్యల గుంట గట్టు ఎక్కితే ఆయాసం. చలిగాలి వల్లేనా?

చలిగాలి అనుకుని సిరప్ తాగిస్తూ కూర్చోకండి. ఈరోజే కీమో డాక్టరుకి ఫోన్ చేయండి. కూర్చున్నా ఆయాసంగా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.

ఏబీవీడీ అంటే నాలుగు మందులు కలిపిన కీమో, అందులో 'బీ' అంటే బ్లియోమైసిన్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒంట్లో చాలాచోట్ల ఉంటుంది గానీ ఊపిరితిత్తుల్లో, చర్మంలో బాగా తక్కువ. అందుకే దెబ్బ అక్కడ పడుతుంది. కొందరికి వీపు మీద కొరడాతో కొట్టినట్టు నల్లటి చారలు వస్తాయి, అదీ దీని పనే. ఊపిరితిత్తుల్లో ముందు వాపు వస్తుంది. వదిలేస్తే మచ్చకట్టి గట్టిపడుతుంది, ఆ భాగం మళ్లీ మామూలవదు. మందు ఎక్కువగా మూత్రంలో పోతుంది కాబట్టి కిడ్నీలు సరిగా లేనివాళ్లకి ముప్పు ఎక్కువ. 40 దాటినవాళ్లకీ, సిగరెట్ తాగేవాళ్లకీ కూడా ఎక్కువే.

ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే మొదలవుతుంది, సీటీ స్కాన్ లాంటివి చూడందే తేలదు. బ్లియోమైసినే కారణమైతే దాన్ని ఆపి, స్టెరాయిడ్లు ఇస్తారు. ఆపితే క్యాన్సర్ తిరగబెడుతుందని టెన్షన్ పడతారు, మా ఒంగోలు వైపూ ఇదే భయం. కానీ 2016లో వచ్చిన రాథల్ అనే క్లినికల్ ట్రయల్‌లో, రెండు సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్ (క్యాన్సర్ ఇంకా ఉందా అని చూసే స్కాన్) బాగున్నవాళ్లకి బ్లియోమైసిన్ తీసేసినా ఫలితం దాదాపు అంతే వచ్చింది.

మున్ముందు ఏ ఆపరేషన్ జరిగినా, ఈ మందు వాడిన సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేకపోవచ్చు.