ఊరి పేరు చివర పల్లి, వలస, తండా, క్యాంపు అని ఎందుకు వస్తాయి?

ఊరికి మొదట దిగినవాళ్లెవరో ఆ తోక చాలాసార్లు చెప్పేస్తుంది. పల్లి, పాడు, ఊరు పాతకాలం నుంచీ ఉన్నవి, శాసనాల్లోనూ కనిపిస్తాయి. అగ్రహారమంటే బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు 'వలస'లు ఎక్కువ: ఆమదాలవలస లాంటివి. వేరేచోటి నుంచి వచ్చి కాపురం పెట్టారని పేరే ఒప్పుకుంటుంది. గూడెం ఏజెన్సీలో ఎక్కువగా వినిపిస్తుంది. లంబాడీల తండాకైతే చాలాచోట్ల మొదట దిగిన నాయక్ పేరే పెట్టేశారు. ఎన్నో తండాలు దశాబ్దాలపాటు పక్క ఊరి శివారుగానే ఉండిపోయి, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాతే సొంత సర్పంచిని చూశాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది క్యాంపు. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలవ నీళ్లు రావడంతో కోస్తా రైతులు సొంతూళ్లో భూములు అమ్ముకుని నిజామాబాద్ వైపు చవగ్గా పొలాలు కొన్నారు. పాత ఊళ్లో కాకుండా పొలాల దగ్గరే పాకలు వేసుకున్నారు. అవే క్యాంపులు. 1953లో తుంగభద్ర నీళ్లు వదిలాక కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాల్లోనూ ఇదే కథ. పాకలు పోయి డాబాలు, రైసుమిల్లులు వచ్చినా 'ఏ క్యాంపు మీది?' అనే అడుగుతారు. తాత్కాలికమనుకున్న మాట పర్మనెంటైపోయింది!

మీ ఊరి సంగతి తేల్చుకోవాలంటే స్థలపురాణం కంటే ముందు రెవెన్యూ రికార్డు చూడండి. రాముడు ఆగని ఊరు మనకు ఎక్కడుంది కనుక?