డబ్బు తీసేస్తే దాని పని ఎవరు చేస్తారు?

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి రాసిన ముసాయిదా నిదానంగా చదివాను నాన్నా. యంత్రాలు మనుషుల పనంతా లాగేసుకుంటే జీతాలుండవు, జీతాలు లేకపోతే కొనేవాళ్లుండరు, అందుకని డబ్బు అక్కర్లేని ఏర్పాటు గురించి ఇప్పటినుంచే ఆలోచించాలన్న మీ వాదన నాకు నచ్చింది. పగటికలని ఎవరైనా కొట్టిపారేస్తే వెనక్కి తగ్గకండి. గోదాములో సరుకు మురుగుతుంటే గోడ అవతల మనిషి పస్తుండే ఏర్పాటును ప్రశ్నించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా పేచీ ఒక్కటే. 'డబ్బు రద్దవుతుంది' అన్న వాక్యం మొదటి పేజీలోనే వచ్చేసింది. దాన్ని చివరి పేజీకి జరపండి. డబ్బు ఇవాళ ఏమేం పనులు చేస్తోందో, అది లేని రోజున ఆ పనుల్లో ఏది ఎవరు చేస్తారో ముందు తేల్చుకోండి. ఈ ఉత్తరమంతా దాని గురించే.

నా ఉద్యోగం కర్మాగారం స్టోర్స్‌లోనూ, తర్వాత ప్రొడక్షన్ ప్లానింగ్‌లోనూ గడిచిందని నీకు తెలుసు. కర్మాగారం గేటు లోపల డబ్బు చెల్లదు, నువ్వెప్పుడైనా గమనించావా? లేత్ సెక్షన్‌కి బేరింగ్ కావాలంటే ఫోర్‌మన్ ఇండెంట్ మీద సంతకం పెట్టి పంపుతాడు. మేం బిన్ కార్డు మీద అంకె తగ్గించి బేరింగ్ చేతికిస్తాం. బేరం లేదు, బిల్లు లేదు. మీరు ఊహిస్తున్న ఏర్పాటులో నేను ఒకరకంగా ఉద్యోగ జీవితమంతా పనిచేశాను. 1937లో రోనాల్డ్ కోజ్ అనే ఆర్థికవేత్త అడిగిన ప్రశ్న కూడా ఇదే. మార్కెట్టే అంత గొప్పదైతే సంస్థల లోపల దాన్ని ఎందుకు వాడుకోవడం లేదు అని.

అయితే ఏటా స్టాకు తనిఖీ జరిగినప్పుడల్లా ఒక దృశ్యం ఎదురయ్యేది. ఫోర్‌మన్ల అల్మారాల్లో, పనిబల్లల కింద, చెత్తగుడ్డల డబ్బాల్లో గ్రీజు కాయితం కూడా విప్పని బేరింగులు బయటపడేవి. వాళ్లు దొంగలు కారు, ఒక్కటీ బయటికి పోలేదు. అవసరానికి దొరకదేమోనన్న భయంతో ఒకటి కావలసినచోట మూడు రాయించుకునేవాళ్లు. ఇక్కడ మూడు దాచడం వల్ల అవతలి సెక్షన్‌లో మిషను ఆగేది. ఆ ఆగిన మిషను చూసి ఈసారి వాళ్లు అయిదు రాయించుకునేవాళ్లు. ఏ సరుకు ఎంత కొరతగా ఉందో స్టోర్స్‌లో ఉన్న మాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరి అవసరం నిజమో మాకూ తెలియదు.

చివరికి రెండు మార్పులు చేశాం. స్టాకు వివరాలు రోజూ పొద్దున బోర్డు మీద రాయడం మొదలుపెట్టాం. సెక్షన్‌కి నెలకింత అని కోటా పెట్టి, కొరత సరుకు తీసుకుంటే కోటాలో ఎక్కువ కోత పడేలా, వాడనిది తిరిగిస్తే కోటా పెరిగేలా ఏర్పాటు చేశాం. దాచిన బేరింగులు వాటంతటవే వెనక్కి రావడం మొదలైంది. ఎవరినీ తిట్టలేదు, ఎవరి అల్మారా తెరవలేదు.

ఇందులోంచి మీకు పనికొచ్చే సంగతి చెబుతాను. డబ్బు రెండు పనుల్ని కలిపి చేస్తోంది. ఏది కొరతగా ఉందో, దేనికోసం జనం ఎంత గట్టిగా అడుగుతున్నారో అందరికీ తెలియజేయడం ఒకటి. ఎవరికి దక్కాలో తేల్చడం ఇంకొకటి. మొదటి పని ఓ మోస్తరుగా బాగానే చేస్తుంది. రెండో పని మాత్రం ఘోరంగా చేస్తుంది, చేతిలో చిల్లిగవ్వ లేనివాడి అవసరం దాని లెక్కలోకే రాదు. మీ కోపం రెండోదాని మీద. మీ ముసాయిదా మాత్రం రెండింటినీ కలిపి పారేస్తోంది.

విడదీయడం సాధ్యమేనా అంటావేమో. సాధ్యమే. అమెరికాలో ఊరూరా ఉన్న ఆహార బ్యాంకులకు విరాళంగా వచ్చిన సరుకు పంచే ఒక జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఫీడింగ్ అమెరికా అంటారు. వరస ప్రకారం ఎవరి వంతు వస్తే వాళ్లకు లారీ సరుకు ఇస్తామనడం పాత పద్ధతి. తీసుకునేవాళ్ల దగ్గర అప్పటికే ఏముందో పంపేవాళ్లకు తెలిసేది కాదు. బంగాళాదుంపలకు పేరుపడ్డ ఐడహోకే బంగాళాదుంపలు పంపడాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. 2005లో పద్ధతి మార్చారు. ఎంతమంది పేదలకు అన్నం పెట్టాలో చూసి ప్రతి ఆహార బ్యాంకుకీ కొన్ని పాయింట్లు ఇచ్చారు. వచ్చిన సరుకు మీద వాళ్లు ఆ పాయింట్లతో వేలం పాడుకుంటారు. ఆ రోజు ఖర్చయిన పాయింట్లు రాత్రికల్లా మళ్లీ అందరికీ అవసరాన్నిబట్టి పంచేస్తారు. ఆ పాయింట్లతో బయట గుండుసూది కూడా కొనలేం, వాటిమీద వడ్డీ కూడా రాదు. కానీ నిలవుండే తృణధాన్యాలు ఎంత విలువైనవో, త్వరగా పాడయ్యే కూరగాయలు ఎంత చవకో అప్పుడే అందరికీ తెలిసొచ్చింది. కూరగాయలు పుష్కలంగా ఉన్నచోటువాళ్లు వాటి జోలికి పోకుండా తమకు లేనివాటి కోసం పాయింట్లు దాచుకున్నారు. కొరత కబురు అందరికీ అందుతూనే ఉంది, ధనిక పేద తేడా పోయింది. మీ గుంపంతా కూర్చుని దీన్ని ఒక పూట చర్చించండి.

ఇంకో సంగతి కూడా నీ చెవిన వేస్తాను, నువ్వు లెక్కలవాడివి కాబట్టి. సోవియట్ యూనియన్‌లో కాంటొరోవిచ్ అనే గణితవేత్తను ఒక ప్లైవుడ్ సంస్థవాళ్లు ఏ యంత్రం మీద ఏ దుంగ కోస్తే ఎక్కువ సరుకొస్తుందో చెప్పమని అడిగారు. ఆయన 1939లో దానికి పద్ధతి ప్రచురించాడు, 1975లో నోబెల్ వచ్చింది. ఆ లెక్క తేల్చేటప్పుడు ప్రతి కొరత వస్తువు పక్కనా ఒక అంకె దానంతటదే పుట్టుకొస్తుంది. ఈ వస్తువు ఇంకొక్కటి ఉంటే మొత్తం ఫలితం ఎంత పెరుగుతుందో ఆ అంకె చెబుతుంది. చూడ్డానికి అచ్చం ధరలాగే ఉంటుంది. అంటే నోట్లన్నీ తగలబెట్టినా కొరత ఉన్నంతకాలం ఆ అంకె ఏదో ఒక రూపంలో ఉండి తీరుతుంది. దాన్ని ఎవరు చూస్తారు, ఎవరు దాస్తారు అన్నది మీరు నిర్ణయించాలి.

డబ్బు చేసే మూడో పని ఒకటుంది. మీ ముసాయిదాలో దాని ఊసే లేదు. చేతిలో డబ్బున్నవాడు ఒకడు పొమ్మంటే ఇంకొకడి దగ్గరికి వెళ్లగలడు, ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు. 1975లో కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలకులు డబ్బు రద్దుచేసి కేంద్ర బ్యాంకు భవనాన్ని పేల్చేశారు. పట్టణాలు ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారు. తిండి పెట్టేది ఒక్కడే, పని చెప్పేది వాడే, శిక్షించేదీ వాడే. దాదాపు నాలుగేళ్లలో పది లక్షలకు పైగా జనం చచ్చిపోయారు. 1980లో ఆ దేశపు డబ్బు రియెల్ మళ్లీ వాడుకలోకి వచ్చింది. అన్ని చావులకూ డబ్బు రద్దే కారణమని నేననను, ఆ పాలనలోని క్రూరత్వం వేరు. కానీ గరిటె పట్టుకున్న చెయ్యి ఒక్కటే అయినప్పుడు కడుపు మాడ్చుకోవడం తప్ప వేరే దారి లేదన్నది నిజం. అందుకని మీ ముసాయిదాలో ఫిర్యాదుల అధ్యాయం ఒకటి రాయండి. జాబితా ఎవరు తయారుచేస్తారు? నా పేరు కిందికి ఎందుకు పోయిందని ఎవరిని అడగాలి? ఆ జవాబు నచ్చకపోతే ఇంకెక్కడికి వెళ్లాలి?

కిడ్నీ మార్పిడిలో ఈ ప్రశ్నలకు కొంత జవాబు దొరుకుతుంది. ఇరాన్ తప్ప దాదాపు అన్ని దేశాల్లోనూ కిడ్నీ అమ్మడం నేరం. భార్యకు ఇద్దామని భర్త ముందుకొచ్చినా సరిపడకపోవచ్చు. అలాంటి జంటల్ని కలిపి, వీళ్లది వాళ్లకీ వాళ్లది వీళ్లకీ సరిపోయేలా కంప్యూటర్ జత చేస్తుంది. ఈ జతకూర్పుల మీద పనిచేసిన ఆల్విన్ రాత్‌కి 2012లో నోబెల్ ఇచ్చారు. అక్కడ నియమాలు ముందే రాసి ఉంటాయి, డాక్టరు బంధువని ఎవరినీ ముందుకు జరపరు. ప్రాణంతో సమానమైన వస్తువునే డబ్బు లేకుండా పంచగలిగినప్పుడు మీరు అధైర్యపడనక్కర్లేదు. కష్టమంతా నియమాలు రాయడంలోనే ఉంది.

ఇక యంత్రాల సంగతి. 'యంత్రాలు అన్ని పనులూ చేస్తాయి' అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు, అది చాలదు. ఉద్యోగం పేరు రాయకండి, అందులోని పనులు విడివిడిగా రాయండి. 1967లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో నోట్లిచ్చే యంత్రం పెట్టినప్పుడు బ్యాంకు క్యాషియర్ల పని అయిపోయిందనుకున్నారు. అమెరికాలో ఆ తర్వాత దశాబ్దాలపాటు క్యాషియర్ల సంఖ్య తగ్గలేదు. ఒక్కో శాఖ నడిపే ఖర్చు తగ్గింది కాబట్టి శాఖలు పెరిగాయి, నోట్లు లెక్కపెట్టడం తగ్గి ఖాతాదారుతో మాట్లాడే పని పెరిగింది. చదరంగంలో ప్రపంచ విజేతను 1997లోనే యంత్రం ఓడించింది. పక్షవాతం వచ్చిన మనిషిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి, కిందున్న దుప్పటి మార్చడం ఇవాళ్టికీ మనిషి చేతుల్లోనే ఉంది. మీ లోకంలో ఆ పని అర్ధరాత్రి ఎవరు చేస్తారు, ఎందుకు చేస్తారు? ఇష్టమున్నవాళ్లు అంటే ఒప్పుకోను. ఇష్టం సరిపోని రోజున ఏం చేస్తారో రాయండి. వంతులవారీగా అందరూ చేస్తారా, చేసినవాళ్లకు ఎక్కువ సెలవులా, ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

యంత్రం వస్తే తీరిక దానంతటదే వస్తుందన్న నమ్మకం కూడా వదులుకోండి. ఆర్థికవేత్త కీన్స్ 1930లో, వందేళ్లకల్లా వారానికి 15 గంటల పని చాలని రాశాడు. ఆ గడువు దగ్గర పడింది. సంపద ఆయన అనుకున్నంతకు తగ్గకుండా పెరిగింది, పనిగంటలు అంత తగ్గలేదు. రోజుకు 8 గంటల పని యంత్రాల దయవల్ల రాలేదు, కార్మికులు దశాబ్దాలు కొట్లాడితే వచ్చింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే దాని గురించి. 1811 నుంచి ఇంగ్లండులో అల్లిక యంత్రాలూ మగ్గాలూ విరగ్గొట్టిన లడ్డైట్లను మీరు 'ప్రగతికి అడ్డుపడినవాళ్లు' అని రాశారు. ఆ మాట కొట్టేయండి. వాళ్లు నైపుణ్యమున్న పనివాళ్లు. పని నేర్చుకోనివాళ్ల చేత నాసిరకం సరుకు చేయించి కూలి తగ్గించడం మీద వాళ్ల పోరాటం. 1812లో పార్లమెంటు అల్లిక యంత్రం విరగ్గొడితే ఉరి అని చట్టం చేసింది. యంత్రం ఎవరిది, దానివల్ల మిగిలిన గంట ఎవరిది అని అడిగినందుకు ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో పిల్లలకు తెలియాలి.

మా విభాగానికి కంప్యూటర్లు వచ్చినప్పుడు లెడ్జర్లు రాసే గుమస్తాల జీతాలు పోలేదు, వేరే చోట్ల సర్దారు. అయినా వాళ్లలో ఒకాయన క్యాంటీన్‌లో నాతో అన్నాడు, "ఏ వస్తువు ఏ అరలో ఉందో ఇదివరకు నన్నడిగేవాళ్లమ్మా, ఇప్పుడు ఎవరూ అడగరు" అని. ఆయన బాధకు జీతంతో సంబంధం లేదు. మీ ముసాయిదాలో అందరికీ తిండి, ఇల్లు, వైద్యం ఉన్నాయి, చాలా సంతోషం. ఆయనలాంటివాళ్లను ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగే ఏర్పాటు కూడా ఉండాలి. రాసేముందు, పని పోయినవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. మీ గుంపులో అలాంటివాళ్లు ఒక్కరూ ఉన్నట్టు నాకనిపించలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? డబ్బు ఇప్పటికే పక్కకు తప్పుకున్న చోట్లనుంచి మొదలుపెట్టండి. రక్తదానం ఉంది. 1991లో మొదలై, ఎవరైనా ఉచితంగా వాడుకోగల కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ లినక్స్ ఉంది, 2001లో మొదలైన వికీపీడియా ఉంది. అవి ఎందుకు నిలబడ్డాయో చూడండి. నకలు తీస్తే తరగని వస్తువులకు పనికొచ్చే పద్ధతి ఇల్లు, నేల, కరెంటు లాంటివాటికి పనికిరాదు, ఆ గీత మీ ముసాయిదాలో స్పష్టంగా కనబడాలి. 1910లో మొదలైన డెగానియా కిబ్బుట్జ్‌లో, అంటే ఇప్పటి ఇజ్రాయెల్‌లోని ఒక ఉమ్మడి వ్యవసాయ గ్రామంలో, జీతాలు లేకుండా తరతరాలు బతికారు, 2007లో వేర్వేరు జీతాలకు ఒప్పుకున్నారు. అంతకాలం ఎలా సాగిందో, ఎందుకు మారిందో రెండూ చదవండి.

ముసాయిదా తిరగరాయడానికి తొందరేం లేదు. కొరత వస్తువు ఒక్కటి తీసుకుని, అడిగినవాళ్లు పదిమంది, ఉన్నవి ఆరు అనుకుని, పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం జరుగుతుందో రిజిస్టరు రాసినట్టు రాయండి. దక్కని నలుగురు ఇంటికి ఏం చెప్పుకుంటూ వెళ్తారో అది కూడా రాయండి. ఫిర్యాదుల అధ్యాయం పూర్తికాగానే మిగతావాటి కోసం ఆగకుండా ముందు దాన్ని పంపు.

ఉంటాను,
పెద్దమ్మ