అడగండి చెబుతాం: రెండు విక్టోరియా క్రాస్‌ల రైల్వే డాక్టరు

ప్రశ్న: మా తాతగారు బీఎన్నార్‌లో (బెంగాల్ నాగపూర్ రైల్వే) ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిపోయాం. రైల్వే పెద్ద డాక్టరు దొరకి రెండుసార్లు విక్టోరియా క్రాస్ వచ్చిందని ఆయన చెబుతుంటే ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నిజంగా అలాంటాయన ఉండేవారా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, ఖరగ్‌పూర్

జవాబు: ఉండేవాడండీ, మీ తాతగారు కోతలు కొయ్యలేదు. విక్టోరియా క్రాస్ అంటే యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం. ఆయన పేరు ఆర్థర్ మార్టిన్-లీక్. 1904లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరి 1937లో రిటైరయ్యాడు. మధ్యలో యుద్ధాలకి వెళ్ళిన కాలం తీసేస్తే ఉద్యోగమంతా అక్కడే. ఆ రైల్వే పట్టాలు మన వాల్తేరు దాకా ఉండేవి కాబట్టి ఆయన పేరు మన వైపు కూడా కొందరి చెవిన పడే ఉంటుంది.

మొదటి పతకం మాత్రం రైల్వేలో చేరకముందుది. దక్షిణాఫ్రికాలో బోయర్లకీ (అక్కడ స్థిరపడిన డచ్ సంతతివాళ్ళు) బ్రిటిష్‌వాళ్ళకీ యుద్ధం మొదలైతే, చేతిలో డాక్టరు పట్టా పెట్టుకుని మామూలు గుర్రపు సిపాయిగా వెళ్ళాడు (ఇదేం పిచ్చో!). తర్వాత అక్కడి కాన్‌స్టాబ్యులరీలో (సాయుధ పోలీసు దళం) సర్జన్ అయ్యాడు. 1902 ఫిబ్రవరి 8న వ్లాక్‌ఫోంటీన్ దగ్గర ఓ నలభైమంది బోయర్లు వంద గజాల దూరం నుంచి కాలుస్తుంటే, దెబ్బతిన్న ఒక సిపాయికి కట్టు కట్టాడు. అక్కణ్ణుంచి గాయపడిన ఆఫీసరు దగ్గరికి పోయి ఆయన్ని కాస్త సర్ది పడుకోబెడుతుండగా తనకే మూడు గుళ్ళు తగిలాయి. ఒంట్లో సత్తువంతా అయిపోయి పక్కకి దొర్లేదాకా పని ఆపలేదు. అక్కడున్న ఎనిమిదిమందికీ గాయాలే. నీళ్ళు వచ్చాయి. మిగతా అందరూ తాగేదాకా ఈయన ముట్టుకోలేదు. రక్తం బాగా పోయినవాడికి నాలుక పిడచకట్టుకుపోతుందని మీకు తెలుసుగా, అందుకే కాల్పులకన్నా ఈ నీళ్ళ ముక్కే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

1914లో మళ్ళీ యుద్ధం, మొదటి ప్రపంచ యుద్ధం. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు, ఉన్నది ఇండియాలో. మామూలు దారిలో అప్లికేషన్ పెడితే వయసైపోయిందని ఆపేస్తారేమోనని నేరుగా పారిస్ వెళ్ళిపోయి అక్కడే ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరాడు. ఆ అక్టోబర్ 29 నుంచి నవంబర్ 8 వరకు బెల్జియంలో జొన్నెబేక్ దగ్గర, శత్రువుల కందకాలకి ఆనుకుని పడివున్న చాలామందిని కాల్పుల మధ్యనుంచే మోసుకొచ్చారు. అందులో ఆయన తెగువకి రెండోసారి విక్టోరియా క్రాస్. రెండోసారి వస్తే వేరే పతకం ఇవ్వరు, రిబ్బన్ మీదికి ఒక బార్ తగిలిస్తారు. ఆ బార్ అందుకున్న మొట్టమొదటి మనిషి ఈయనే.

ప్రశ్న: ఇంకెవరికైనా అలా రెండుసార్లు వచ్చిందా?
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఇప్పటిదాకా ముగ్గురికేనమ్మా. ఆ ముగ్గురిలో ఇద్దరు డాక్టర్లే. రెండో డాక్టరు కెప్టెన్ నోయెల్ షావాస్, 1908 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు పరిగెత్తినవాడు. 1917 ఆగస్టులో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర తన ప్రథమచికిత్స పోస్టులోనే గాయపడితే, వెనక్కి తీసుకెళ్ళిన ఆంబులెన్స్ మార్టిన్-లీక్ యూనిట్‌ది! అప్పటికి లీక్ లెఫ్టినెంట్ కల్నల్, 46వ ఫీల్డ్ ఆంబులెన్స్‌కి కమాండర్. (అన్నట్టు, సైన్యంలో ఫీల్డ్ ఆంబులెన్స్ అంటే బండి కాదు, డాక్టర్లు, స్ట్రెచర్లు మోసేవాళ్ళు, బళ్ళు అన్నీ కలిసిన ఒక యూనిట్.) షావాస్ ఆగస్టు 4న చనిపోయాడు. మూడోవాడు న్యూజిలాండ్ సైనికుడు చార్లెస్ అపమ్.

ప్రశ్న: సార్, సైన్యంలో డాక్టరు తుపాకీ పట్టుకోవచ్చా?
– నల్గొండ

జవాబు: పట్టుకోవచ్చు. తన ప్రాణాన్నీ తన దగ్గరున్న గాయపడ్డవాళ్ళనీ కాపాడుకోవడానికి మాత్రమే. దాడికి పోతే, రెడ్‌క్రాస్ గుర్తున్న వైద్య సిబ్బంది మీద కాల్పులు జరపకూడదన్న రక్షణ పోతుంది.

ప్రశ్న: ఎప్పుడూ ఆ దొరల గురించేనా? మనవాళ్ళు లేరా?
– ఖరగ్‌పూర్ నుంచే ఇంకొకరు

జవాబు: కోప్పడకండి, లేకేం. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్. మన దేశంలో మొట్టమొదట పారాచూట్‌తో దూకిన సైనికుల్లో ఒకరు. 1950 నవంబర్‌లో 60 పారా ఫీల్డ్ ఆంబులెన్స్‌ని తీసుకుని, అప్పుడు యుద్ధం జరుగుతున్న కొరియా వెళ్ళారు. మర్నాటి ఏడాది మార్చిలో ఆయన మనుషులు కొందరు అమెరికన్ పారాట్రూపర్లతో కలిసి మున్సాన్ దగ్గర దూకి, అక్కడే గాయపడ్డవాళ్ళకి ఆపరేషన్లు చేశారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు.

మీది రైల్వే ఊరు కాబట్టి ఇది మీకోసమే. కొరియా వెళ్ళిన కొత్తల్లోనే చైనా సేనలు ముంచుకొస్తున్నాయని ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయమన్నారు. మనవాళ్ళకి లారీలు లేవు, మందులూ ఆపరేషన్ సామానూ వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. వెతగ్గా వెతగ్గా ఒక పాత ఆవిరి ఇంజన్, కొన్ని పెట్టెలు దొరికాయి. బకెట్లతో నీళ్ళు అందించుకుని బాయిలర్ నింపి, సామానంతా ఎక్కించి, బండి తామే నడుపుకుంటూ వంతెన పేల్చేసేలోపే నది దాటేశారు.